ఎర్ర కణాలు మాయమైన రోజు
ల్యాబ్‌లో ఒకసారి రక్తపు చుక్కకు సెలైన్ బదులు పొరపాటున డిస్టిల్డ్ వాటర్ కలిపాను. మైక్రోస్కోపులో చూస్తుండగానే ఎర్ర కణాలు నీళ్లు లోపలికి చేరి ఉబ్బి, ఒక్కొక్కటిగా మాయమైపోయాయి. 0.9 శాతం ఉప్పునీళ్లలో అయితే చక్కగా ఉండేవి. కణంలోని నీళ్ల గురించి నా ఆలోచన అక్కడే మొదలైంది.

కణం లోపల పొటాషియం బయటికన్నా దాదాపు 30 రెట్లు ఎక్కువ. సోడియం బయటే ఎక్కువ. ఈ తేడా దానంతటదే నిలవదు. కణపు పొరలోని పంపు అనే ప్రోటీన్, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒక్కోటి ఖర్చు చేసి 3 సోడియం అయాన్లను బయటికి తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ పీతల నరాల్లో దీని జాడ పట్టుకున్నారు. పంపు ఆగిందా, సోడియం లోపల చేరుతుంది, వెంట నీళ్లూ వస్తాయి.

నాకు మరీ అద్భుతం అనిపించేది ఆక్వాపోరిన్, అంటే కణపు పొరలో నీళ్లకు దారిచ్చే ప్రోటీన్. నీటి అణువులు దానిలోంచి ఒకే వరుసలో పరుగెడతాయి. ప్రోటాన్లను (హైడ్రోజన్ అయాన్లను) మాత్రం అది రానివ్వదు!