జేబులో 500, కిటికీలో సముద్రం

నిన్న మా ఆవిడా నేనూ 500 రూపాయలతో భీమిలి వెళ్లొచ్చాం. కారు మాట్లాడదామంటే తనే వద్దంది. విశాఖ బీచ్ రోడ్డులో ఆర్టీసీ బస్సెక్కి కుడివైపు కిటికీ పట్టుకుంటే చాలు, సముద్రం మనతోపాటే వస్తుంది.

దారిలో దిగి తొట్లకొండ ఎక్కేసరికి నా చొక్కా తడిసి ముద్దయింది. పైన బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించుకున్న నీటి తొట్లు. ఆ పేరు వాటివల్లే వచ్చింది. దాదాపు 2000 ఏళ్ల కిందటి ఆరామం. మా అపార్ట్‌మెంట్ ట్యాంకేమో మూడేళ్లకే కారుతోంది!

ఎర్రమట్టి దిబ్బల్లో గాలికి ఇసుక సన్నగా జారుతుంటే వింటూ కూర్చున్నాం. భీమిలిలో డచ్చివారి సమాధులు చూసి, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట మురీ మిక్చర్ తిన్నాం. నిమ్మకాయ బాగా పిండించుకుంది తను.

తిరుగు బస్సులో సీటు దొరకలేదు. చెప్పులకు ఎర్రమట్టి ఇంకా అలాగే ఉంది.