హనోయ్ నుంచి సైగాన్ దాకా రెండు పళ్లేలు

మావారు శాకాహారి. నేనేమో చేప, రొయ్య వదలను. వియత్నాం వెళ్తున్నామంటే "ఆయన అక్కడ ఏం తింటారు?" అనే అడిగారు అందరూ. తీరా వెళ్లాక, మా ఇద్దరి తిండీ వేరు కావడమే మంచిదైంది. ఊరూరా ఒకటికి రెండు రకాల హోటళ్లలో కూర్చున్నాం.

హనోయ్ పాత బస్తీలో ఒకే ఒక్క వంటకం వండే హోటళ్లు చాలా ఉన్నాయి. నేను పట్టుబట్టి వెళ్లింది చా కా కోసం. ఆ వంటకానికి ఎంత పేరంటే, ఒక వీధికే దాని పేరు పెట్టేశారు. టేబుల్ మీద చిన్న పొయ్యి, దానిపై పెనం, పసుపు పట్టించిన చేప ముక్కలు నూనెలో చిటపటలాడుతుంటాయి. అందులో గుప్పెళ్లకొద్దీ సోయికూర, ఉల్లికాడలు వేస్తారు. ఆకు అలా వాడగానే తీసి, సన్నటి బియ్యపు నూడుల్స్ మీద వేసుకుని, వేయించిన వేరుశనగ గింజలు చల్లుకోవాలి. పక్కనే ఊదారంగులో పులియబెట్టిన రొయ్యల ముద్ద ఉంటుంది. నిమ్మరసం, చక్కెర వేసి నురగ వచ్చేదాకా గిలక్కొట్టి నంజుకుంటారు. దాని వాసనకి మావారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. నాకు మాత్రం పసుపు, సోయికూర, ఆ ఘాటు కలిసి నోట్లో పడ్డాక ఇంకో పళ్లెం తెప్పించుకోవాలనిపించింది.

హనోయ్‌లో ఎగ్ కాఫీ కూడా తాగాల్సిందే. 1946లో పాలు దొరకని రోజుల్లో, మెట్రోపోల్ హోటల్లో పనిచేసే న్గుయెన్ వాన్ జాంగ్ పాలకు బదులు గుడ్డు పచ్చసొనను గిలక్కొట్టి చేసిన కాఫీ ఇది. చల్లారకుండా కప్పును వేడినీళ్ల గిన్నెలో పెట్టి ఇస్తారు. మావారు కొబ్బరి పాల కాఫీ చెప్పుకుని, అదే బాగుందని చివరిదాకా వాదించారు.

శాకాహారులకు అక్కడ అసలు చిక్కు మాంసంతో కాదు, చేపల సాస్‌తో. చిన్న చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే ఆ సాస్ తూటికూర వేపుడులో కూడా పడుతుంది. ఒక హోటల్లో వెజ్ అని చెప్పి తెచ్చిన కూర నేను రుచి చూస్తే చేపల సాస్ తగిలింది. ఆ పూట ఆయన ఉత్త అన్నం, పండ్లతో సరిపెట్టుకున్నారు. పాపం అనిపించింది.

హుయే చేరాక ఆ టెన్షన్ పోయింది. 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజుల రాజధాని అది, బౌద్ధ ఆలయాల ఊరు. చాంద్రమాన నెలలో 1వ తేదీన, 15వ తేదీన మాంసం ముట్టనివాళ్లు అక్కడ చాలామంది. అందుకే "చాయ్" (మన టీ కాదు, వాళ్ల భాషలో శాకాహారం) అని బోర్డు పెట్టిన శాకాహార హోటళ్లు బోలెడు. మేం వెళ్లిన చోట లేత పనసకాయ ఉడికించి, చీలికలు చేసి, పుదీనా, వేరుశనగ కలిపి, నువ్వుల అప్పడంతో తెచ్చారు. అప్పడం విరిచి, ఆ ముక్కతోనే పనస తీసుకుని తినాలి. ఆయన తల ఎత్తకుండా తిన్నారు. ఈ ప్రయాణంలో నాకు నచ్చిన భోజనాల్లో ముందు చెప్పేది ఇదే, చేప ఉన్న ఏ పళ్లెమూ కాదు.

హోయ్ ఆన్‌లో కావ్ లావ్ తిన్నాను. లావుపాటి నూడుల్స్, అడుగున కాస్తంత రసం, పైన తాజా ఆకులు. బాగుంది గానీ, 1999లో యునెస్కో జాబితాకెక్కిన ఆ పాత ఓడరేవు వీధులు చూసే తొందరలో తిండి మీద ధ్యాస తగ్గింది.

సైగాన్‌లో ఆఖరి రాత్రి బాన్ సేవ్ తిన్నాం. బియ్యప్పిండిలో పసుపు, కొబ్బరి పాలు కలిపి పెద్ద దోశలా పోసి, మడతపెట్టి ఇస్తారు. చూడగానే గుడ్డు వేశారేమో అనిపించే ఆ పసుపు రంగంతా పసుపుదే. మేం వెళ్లింది శాకాహార హోటల్ కాబట్టి లోపల పుట్టగొడుగులు, పెసరపప్పు, మొలకలు. ఒక ముక్క తుంచి ఆవ ఆకులో చుట్టి, సోయా సాస్‌లో ముంచుకుని తినాలి. ఆ పూట నేను చేప అడగలేదు. ఇద్దరం అదే చెప్పుకున్నాం, రెండోసారి కూడా అదే తెప్పించుకున్నాం.