రిటిగల రాళ్ల నమోదు: మూడో విడత

శ్రీలంకలోని రిటిగల కొండ శిథిలాల్లో బండ పొకుణ కోనేరు, అక్కణ్ణుంచి మొదటి గుండ్రటి కూడలి దాకా బాట నమోదు పూర్తయింది. జంట వేదికలు (రెండేసి కలిసి ఉండే రాతి అరుగులు) సగం మిగిలాయి.

నాగార్జునకొండ చూసిన కళ్లతో వెళ్తే ఇక్కడ ఏమీ లేదనిపిస్తుంది. స్తూపం లేదు, బుద్ధ విగ్రహమూ లేదు. శ్రీలంక రాజు మొదటి సేనుడు (పాలన 833-853) పాంసుకూలిక భిక్షువులకు కట్టించిన ఆరామం ఇది. పారేసిన పేలికలే వాళ్ల చీవరాలు. అలంకారమంతా మూత్రశిలకే, అంటే మూత్ర విసర్జనకు వాడిన రాతికే, దక్కింది! వైభవాన్ని కాలికింద పెట్టుకోవడమని ఒక వ్యాఖ్యానం.

ఆ చెక్కడం నడిమధ్యాహ్నం ఫొటోలో అసలు పడదు. టార్చిని రాతికి దాదాపు సమాంతరంగా, రెండు మీటర్ల దూరం నుంచి పక్కగా వేస్తే గీత గీతా లేస్తుంది. ఫ్లాష్ వాడితే నీడలు చచ్చి అంతా చదునైపోతుంది.

కొలతల్లో మొదటి విడత వృథా. దట్టమైన చెట్ల కింద ఫోన్ జీపీఎస్ పది పదిహేను మీటర్లు గెంతుతుంది, గీసిన బాట పాములా వస్తుంది. ఇప్పుడు 30 మీటర్ల టేపు, దిక్సూచి. కూడలి అంచురాయిని సున్నా అనుకుని అక్కణ్ణుంచి వరసగా లాగాలి. బాట వెడల్పు మీటరున్నర చిల్లర. వేళ్లు లేపిన చోట కొలిస్తే తప్పు వస్తుంది, రాళ్లు అతికి ఉన్న చోటే కొలవాలి. కోనేరు చుట్టుకొలత సుమారు 366 మీటర్లు. గట్టు గుండ్రంగా కాక బహుభుజిలా ఉంది కాబట్టి ఒక్కో భుజాన్నీ విడిగా కొలిచి కూడాలి.

అక్టోబరు నుంచి జనవరి దాకా వాన, జలగలు, నాచు పట్టిన మెట్లు. మేజోళ్ల మీద జలగలు దూరని మేజోళ్లు తొడిగి, పైన బిగించి కట్టాలి. జలగను పీకితే రక్తం ఎక్కువ పోతుంది, గోటితో నోటి దగ్గర పక్కకు తోయాలి. లెన్సు మసకబారితే తుడవకుండా కాసేపు వదిలేస్తే చాలు.

చిరుత, ఎలుగుబంటి ఉన్న అడవే అయినా అసలు జాగ్రత్త ఏనుగుల గురించి. దిగే దారిలో సాయంత్రం అవే ఎదురవుతాయి, నాలుగింటికల్లా రోడ్డెక్కాలి. 766 మీటర్ల శిఖరం 1941 నుంచి కఠిన రక్షిత ప్రాంతం. వన్యప్రాణి శాఖ అనుమతి లేకుండా పైకి వెళ్లకూడదు.

తర్వాతి విడత: జంట వేదికల్ని కలిపే రాతి పలకల మందం, అతుకులు.