పర్లాకిమిడిలో 67.57

పర్లాకిమిడి అనగానే మా శ్రీకాకుళం వైపు వాళ్లకి గజపతి రాజుల కోట గుర్తొస్తుంది, కొమ్ముతో చెక్కే బొమ్మలు గుర్తొస్తాయి. చదువుకున్నవాళ్లయితే గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకుంటారు. ఆయన ఆ ఊళ్లో బడిపంతులుగా ఉంటూనే సవర భాష నేర్చుకున్నారు. నేను మాత్రం ఈసారి వెళ్లింది జావెలిన్, అంటే ఈటె విసిరే ఆట, చూడటానికి.

అక్కడ మా అక్కావాళ్ల ఇల్లుంది. మేనల్లుడికి పదహారేళ్లు. ఎండాకాలం సెలవులు అయిపోవస్తుండగా ఫోన్ చేశాడు. "మావయ్యా, ఓసారొచ్చి నా త్రో చూడు. నాన్న మానెయ్యమంటన్నాడు." నేను బడిలో డ్రిల్ మాస్టార్ని, కుర్రతనంలో జిల్లా స్థాయిలో ఈటె విసిరినవాణ్ని. ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయాను.

గుణుపూర్ ప్యాసింజర్ ఎక్కాను. నౌపడా దగ్గర పెద్ద లైను వదిలి బండి టెక్కలి, పాతపట్నం మీదుగా పోతుంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను ఇది. 1900లో మొదలైంది, 1931లో గుణుపూర్ దాకా సాగింది. బ్రాడ్‌గేజ్ అయింది 2011లోనే. పాతపట్నం దాకా ఆంధ్రా. తర్వాతి స్టేషను పర్లాకిమిడి, ఒడిశా. పెట్టెలో మాటలు మాత్రం ఎక్కడా మారలేదు. పాతపట్నంలో ఎక్కిన పనసపళ్లావిడ పర్లాకిమిడిలో దిగేదాకా తెలుగులోనే బేరమాడింది.

సాయంత్రం మేనల్లుడితో ఊరి చివర మైదానానికి వెళ్లాను. ఎర్రమట్టి నేల, చుట్టూ కొండలు. సున్నంతో రెండు గీతలు గీసి రన్‌వే చేసుకున్నారు. నాలుగు మీటర్ల వెడల్పు సరిగ్గా కొలిచారు, నాకు ముచ్చటేసింది. చివర విసిరే చోట వంపు గీత కూడా ఉంది. ఆ గీతకి దూరంగా, పచ్చిక మధ్యలో వెదురుకర్ర పాతి ఎర్రగుడ్డ కట్టి ఉంది.

"అదేటిరా?"

"67.57, మావయ్యా. దమ్మామ్."

ఆ సంఖ్య నాకూ తెలుసు. 2025 ఏప్రిల్‌లో సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో ఆసియా అండర్-18 అథ్లెటిక్స్ జరిగాయి. అబ్బాయిల జావెలిన్‌లో మన హిమాంశు విసిరిన దూరం అది. ఈ పోటీలో భారత్‌కు బాలుర జావెలిన్ స్వర్ణం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. రెండో స్థానంలో నిలిచిన చైనా కుర్రాడు 63.45 దగ్గర ఆగిపోయాడు. నాలుగు మీటర్ల పైచిలుకు తేడా! పతకం వార్త చూసిన మర్నాడే పిల్లలు టేపు పట్టుకుని కొలిచి ఆ కర్ర పాతారట.

వాళ్ల కోచ్ ఒరియా ఆయన, వయసులో చిన్నవాడు. పిల్లలతో తెలుగు, ఒరియా కలిపి మాట్లాడతాడు. ఒక్కొక్క త్రో అయ్యాక "ఆఉ థరే" అంటాడు, మళ్లీ వెయ్యమని. మైదానంలో అసలైన 700 గ్రాముల జావెలిన్ ఒక్కటే ఉంది. పెద్ద మగవాళ్లది 800 గ్రాములు. పద్దెనిమిది లోపు అబ్బాయిలకి వంద గ్రాములు తగ్గించి, పొడవు కూడా 2.30 నుంచి 2.40 మీటర్ల మధ్య పెట్టారు. మిగతావన్నీ వెదురువి. చిన్నపిల్లలు వాటితోనే నేర్చుకుంటున్నారు. అందులో తప్పేం లేదు, వెదురుతో చెయ్యి తిరిగాక అసలుది పట్టుకుంటే పట్టు బాగా కుదురుతుంది.

మేనల్లుడు పరిగెత్తాడు. రనప్, అంటే విసిరే ముందు తీసే పరుగు, బాగుంది. అడ్డంగా తిరిగి వేసే క్రాస్ అడుగులూ బాగున్నాయి. కానీ ఆఖరి క్షణంలో వాడి చూపు ఎర్రగుడ్డ మీదికి పోయింది. ముందు పెట్టిన ఎడమకాలు మోకాలి దగ్గర కుంగింది. ఒంట్లో ఉన్న వేగమంతా ఆ వంగిన మోకాల్లోనే ఇంకిపోయింది. మిగిలిన పని భుజంతో, మోచేత్తో లాగించాడు. ఈటె యాభై ఏడు మీటర్ల దగ్గర పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

జావెలిన్‌లో జనం చేతినే చూస్తారు. చెయ్యి ఆఖర్న వచ్చేది. పరిగెత్తుకొచ్చిన ఒళ్లు ఎడమకాలి దగ్గర ఒక్కసారి ఆగాలి. కాలు కర్రలా నిలబడితే తుంటి, నడుం, ఛాతీ, భుజం వరసగా దాని మీదుగా ముందుకి దూకుతాయి. చెయ్యి వాటి వెనకాల వస్తుంది. కాలు వంగిందంటే ఆ బరువంతా మోచెయ్యే మొయ్యాలి. పదహారేళ్ల మోచెయ్యి ఎన్నాళ్లు మోస్తుంది? ఎర్రగుడ్డ మీద నాకు కోపం వచ్చింది అందుకే. దూరం అనే ఆశ పిల్లవాణ్ని భుజంతో విసిరేలా చేస్తుంది.

రాత్రి భోజనాల దగ్గర బావ మనసులో మాట బయటపెట్టాడు. ఆయనకి బజార్లో కిరాణా కొట్టు. పక్కవీధి కుర్రాడొకడు మోచెయ్యి పాడై ఆట మానేశాడట. "అదొకటి. ఇంకోటి, మనం ఒడిశా వాళ్లం. వీడు గజపతి జిల్లా తరఫునే ఆడాల. జిల్లాల మధ్య జరిగే జాతీయ జూనియర్ పోటీ నిడ్జామ్ అయినా, స్టేట్ మీట్ అయినా అంతే. టెక్కలిలో మీ పిల్లలు గెలిస్తే తెలుగు పేపర్లో ఫొటో వేస్తారు. వీడు గెలిస్తే ఆ పేపరోడికి ఒరియా పిల్లాడు, ఇక్కడి పేపరోడికి తెలుగు పిల్లాడు. ఎవడు చూస్తాడు, బావూ?"

ఈ బాధ ఆయన ఒక్కడిదే కాదు. సరిహద్దు ఊళ్లలో మనవాళ్ల ఇళ్లన్నింటా ఉన్నదే. నాకు తోచింది చెప్పాను. కిశోర్ జెనాది ఇదే ఒడిశా, పూరీ జిల్లాలో పల్లెటూరు. మొదట వాలీబాల్ ఆడేవాడు, భువనేశ్వర్ హాస్టల్లో చేరాక ఈటె పట్టాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 87.54 విసిరి, నీరజ్ చోప్రా వెనకాలే రజతం తెచ్చాడు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ హర్డిల్స్‌లో పదును తేలింది కూడా భువనేశ్వర్‌లోనే. 2025 మే నెలలో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా స్వర్ణం మళ్లీ గెలిచింది. ఆ అమ్మాయికి లేని అడ్డు వీడికెందుకు?

బావ తల ఊపాడు గానీ కరగలేదు. "వాళ్లు గెలిచారు కాబట్టి చెప్తన్నావు. గెలవనోడి సంగతేటి?"

అప్పుడు దొనెట్స్క్ సంగతి చెప్పాను. 2013 జులైలో ఉక్రెయిన్‌లోని దొనెట్స్క్‌లో ప్రపంచ యూత్ అథ్లెటిక్స్ జరిగాయి. నీరజ్‌కి అప్పుడు పదిహేనేళ్లు. అంతకుముందు ఏడాదే లక్నోలో 68.40 విసిరి జూనియర్లలో జాతీయ రికార్డు పెట్టినవాడు. అర్హత పోటీలో ఒక్కొక్కరికి మూడు త్రోలే ఇస్తారు. ముందు వచ్చిన పన్నెండు మందీ ఫైనల్‌కి పోతారు, తక్కినవాళ్లు బ్యాగు సర్దుకోవాల్సిందే. నీరజ్ వేసింది 66.75. పంతొమ్మిదో స్థానం.

మేనల్లుడు అన్నం కలపడం ఆపేశాడు. "66.75యా?"

"అవున్రా. మీరు పాతిన కర్రకి 82 సెంటీమీటర్లు ఇవతలే పడింది. అదీ 700 గ్రాముల ఈటే."

ఆ కుర్రాడే మూడేళ్లకి, 2016 జులైలో, పోలండ్‌లోని బిద్గోష్చ్‌లో జరిగిన ప్రపంచ అండర్-20 పోటీల్లో 800 గ్రాముల ఈటెని 86.48 విసిరాడు. ఆ వయసువాళ్లలో అది ప్రపంచ రికార్డు. 1999లో మొట్టమొదటి ప్రపంచ యూత్ పోటీలు జరిగింది కూడా ఆ బిద్గోష్చ్‌లోనే. 2017లో నైరోబీ తర్వాత ఆ పోటీలు ఆపేశారు, నాకు అదొక వెలితి. పదిహేను, పదహారేళ్ల పిల్లలు పంతొమ్మిదో స్థానంలో నిలిచి, ప్రపంచం ఎంత పెద్దదో కళ్లారా చూసి రావడానికి ఉన్న చోటు పోయింది. ఇప్పుడు మన పిల్లలకి ఆసియా అండర్-18 అంత ముఖ్యమైంది అందుకే.

బావ చెయ్యి కడుక్కుంటూ "పంతొమ్మిదా..." అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

మర్నాడు పిల్లలు గుణుపూర్ బయల్దేరారు, అక్కడి కుర్రాళ్లతో కలిసి సాధన చెయ్యడానికి. నేనూ కూడా వెళ్లాను. ప్యాసింజర్ బండిలో జావెలిన్లు ఎక్కించడం చూసి తీరాల్సిందే. మొనలకి సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగారు. అన్నిటినీ పాత చీరలో చుట్టి మూడు చోట్ల కట్టారు. తలుపులోంచి నేరుగా దూర్చితే మరుగుదొడ్డి గోడ అడ్డం వస్తుంది. అందుకని ఒకడు ముందు ఎక్కి కిటికీ దగ్గర నిలబడ్డాడు, ఇంకొకడు ప్లాట్‌ఫారం మీంచి వాలుగా అందించాడు, మధ్యలో ఒకడు "కొంచెం జరగండమ్మా, కాళ్లు పైకెట్టండి" అంటూ సీట్ల కింద బారుగా తోశాడు. ఒక ముసలాయన కాళ్లు పైకి మడుచుకుని కూర్చుని గుణుపూర్ దాకా ఆ మూటకి కాపలా కాశాడు. ఈటెలా, బల్లేలా అని అడిగి, ఎంత దూరం పోతాయని అడిగి, యాభై మీటర్లు దాటుతుందంటే నమ్మలేదు.

కాశీనగర్ దాటి వంశధార ఒడ్డు పట్టుకుని బండి సాగింది. అక్క చోడి అంబలి సీసాల్లో పోసి ఇచ్చింది, చుడువా పొట్లాలు కట్టింది. పిల్లలు స్టేషన్ రాకముందే అంతా ఖాళీ చేసేశారు.

గుణుపూర్‌లో సవర పిల్లలు ముగ్గురు వచ్చారు, కొండ మీది ఊళ్ల వాళ్లు. అడవి పిల్లలకి ఈటె పుట్టుకతోనే వస్తుందని పక్కన ఎవరో అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. అలా అనేస్తే వాళ్లు పడే కష్టం మాయమైపోతుంది. వాళ్లలో పొట్టిగా ఉన్న కుర్రాడు మంచం పట్టెంత కర్ర భుజానికి అడ్డంగా పెట్టుకుని, క్రాస్ అడుగులే ఒక అరగంట వేశాడు, ఈటె ముట్టకుండా. అది పుట్టుకతో వచ్చింది కాదు, పొద్దున్నే లేచి సంపాదించుకున్నది.

తర్వాత వాడు విసిరాడు. రనప్ చిన్నదే, వేగం కూడా ఎక్కువ లేదు. ఎడమకాలు నేలకి తాకిన చప్పుడు నా దాకా వినిపించింది. కాలు వంగలేదు. వాడి ఒళ్లంతా ఆ కాలి మీదుగా లేచి ముందుకి వచ్చింది. గీతకి ఇంకా రెండడుగులు ఇవతలే ఆగాడు. ఈటె ఎత్తుగా పోయి మొనతో దిగింది, మట్టిలో గుచ్చుకుని ఊగుతూ నిలబడింది. మొన ముందు తగలకపోతే ఎంత దూరం పోయినా ఎర్రజెండాయే. మా పిల్లల త్రోల్లో కొన్ని బల్లపరుపుగా పడ్డాయి, పోటీలో అయితే ఒక్కటీ లెక్కలోకి రాదు.

మేనల్లుడు నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. దూరం అడగలేదు. "వాడి కాలు చూశావా మావయ్యా" అన్నాడు. ఇంత దూరం వచ్చిన పని నాకు అక్కడితో సగం తీరింది.

తర్వాత వాడూ రనప్ సగానికి తగ్గించుకుని విసిరాడు. పడింది యాభై మూడు దగ్గరే, ముందురోజు కంటే తక్కువ. కానీ కాలు నిలబడింది, మొన దిగింది. కోచ్ నా వంక చూసి నవ్వి, వాడితో "ఆఉ థరే" అన్నాడు.

తిరిగొచ్చాక కోచ్‌తో ఎర్రగుడ్డ గురించి మాట్లాడాను. పీకెయ్యమని అడగలేదు, పిల్లలు ఇష్టంగా పాతుకున్నది అది. ఇంకో రెండు నెలలు పూర్తి రనప్ వద్దని, మెడిసిన్ బాల్ పని, అంటే బరువు బంతులతో చేసే కసరత్తు, పెంచమని అడిగాను. ఆయనా అదే ఆలోచనలో ఉన్నాడు, బంతులే లేవు. మా బడి స్టోర్‌లో పాతవి ఉన్నాయి, హెడ్మాస్టారుని అడిగి పంపుతానన్నాను.

బయల్దేరే ముందు కొట్టు దగ్గర బావ నన్ను పక్కకి పిలిచాడు. "కాలు నిలబడ్డం, నిలబడ్డం అంటన్నావు. అదేటో నాకోసారి చూపించు." బియ్యం బస్తాల మధ్య చీపురుకర్ర పట్టుకుని చూపించాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి పెట్టి మరీ చూశాడు. ఆ సాయంత్రం కొట్టు కుర్రాడికి అప్పగించి మైదానానికి వచ్చాడు. కోచ్ పక్కన గట్టు మీద కూర్చుని, కొడుకు కాలు కుంగినప్పుడల్లా "వంగిందిరా!" అని మైదానమంతా వినబడేలా అరిచాడు.