బల్బు వెలిగిన చోట ఆపాలి

మన ఐటీఐలో నాది 1983–85 బ్యాచ్, మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు. షెడ్డు మూలన ఇనప స్టాండు మీద ఉండే అంబాసిడర్ ఇంజన్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1489 సీసీ, నాలుగు సిలిండర్లు. నేను నేర్చిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ అన్నం పెట్టింది ఆ ఇంజన్ మీద నేర్చుకున్న టైమింగే, అంటే ప్లగ్గులో నిప్పు సరైన క్షణంలో పడేలా పెట్టడమే.

మొదటి రోజు మాస్టారు మమ్మల్ని పానా ముట్టుకోనివ్వలేదు. బోర్డు మీద లెక్క వేయించారు. ప్లగ్గులో నిప్పు పడ్డాక లోపలి పెట్రోలు, గాలి మండటానికి సెకనులో 500వ వంతు పడుతుందనుకోండి అన్నారు. ఇంజన్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంటే ఆలోగా క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, 7 డిగ్రీల పైచిలుకు కదులుతుంది. 3000 చుట్లయితే 36 డిగ్రీలు. అందుకే పిస్టన్ పైకి చేరకముందే నిప్పు పడాలి, స్పీడు పెరిగేకొద్దీ ఇంకా ముందు పడాలి. ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల అడుగున స్ప్రింగులు తగిలించిన రెండు బరువులు ఎందుకున్నాయో నాకు ఆ లెక్కతోనే తెలిసింది. స్పీడుకు అవి విచ్చుకుని నిప్పును ముందుకు జరుపుతాయి. మనం చేత్తో పెట్టేది మొదలు మాత్రమే. ఆ మొదలు తప్పితే ఆపైన అంతా తప్పే.

ఆ ఇంజన్‌కు మాస్టారు చెప్పిన మొదలు పిస్టన్ పైకి చేరడానికి 5 డిగ్రీలు ముందు. దానికన్నా ముందు పాయింట్ల, అంటే డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే స్విచ్చు లాంటి ముక్కల, గ్యాపు 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతును థౌ అంటాం) ఉండాలి. గ్యాపు కొలిచే ఫీలర్ గేజి రేకు పాయింట్ల మధ్య జారేటప్పుడు వేలికి సన్నగా పట్టు తెలియాలి, బిగుసుకోకూడదు. గ్యాపు పెరిగితే పాయింట్లు తొందరగా తెరుచుకుని టైమింగ్ కూడా ముందుకు జరిగిపోతుంది. అందుకని గ్యాపు చూడకుండా టైమింగ్ ముట్టుకుంటే ఆయన ఊరుకునేవారు కాదు.

తర్వాత బల్బు. 12 ఓల్టుల చిన్న బల్బు, రెండు వైర్లు. ఒకటి డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న సన్న వైరు టెర్మినల్‌కు, రెండోది ఇంజన్ బాడీకి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపూ బల్బు వెలగదు. తెరుచుకున్న క్షణంలో వెలుగుతుంది, నిప్పు పడేదీ అదే క్షణం. క్రాంకు ముందు కొసన ఉండే పుల్లీ మీది గాడిలో సుద్ద రుద్ది, ప్లగ్గులు విప్పి, ఇంజన్‌ను తిరిగే దిక్కునే మెల్లగా తిప్పి, గాడిని టైమింగ్ కవర్ మీది 5 డిగ్రీల ముల్లు ఎదురుగా ఆపాలి. గాడి దాటిపోతే వెనక్కి కొద్దిగా లాగి సరిపెట్టకూడదు. చెయినులోనూ గేర్లలోనూ లూజు ఉంటుంది కనుక బాగా వెనక్కి వెళ్లి మళ్లీ రావాలి. అప్పుడు క్లాంపు వదులు చేసి డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటే ఒకచోట బల్బు వెలుగుతుంది. అక్కడ ఆపాలి. మూడుసార్లు చూస్తే మూడుసార్లూ అదే గీత దగ్గర వెలగాలి. చెవితో సరిచేయడానికి ఆ తర్వాతే అనుమతి.

ట్రేడ్ టెస్టుకు ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. పిస్టన్ రెండు చుట్లలో రెండుసార్లు పైకొస్తుంది. ఒకటి కంప్రెషన్ చివర, ఇంకొకటి పొగ బయటికి తోసే చివర. నేను రెండోదాన్ని మొదటిదనుకుని, డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటర్ చూపే చోట ఒకటో నంబరు ప్లగ్ వైరు పెట్టి, 1–3–4–2 వరసలో మిగతావి తగిలించాను. ఇంజన్‌ను చేత్తో స్టార్ట్ చేసే హ్యాండిల్ తిప్పగానే, పెట్రోలు గాలి కలిపే కార్బురేటర్‌లోంచి పెద్ద చప్పుడుతో మంట ఎగదన్నింది. షెడ్డంతా నిశ్శబ్దం. మాస్టారు ఒక్క మాటైనా అనకుండా ఒకటో ప్లగ్ విప్పి, ఆ రంధ్రం మీద నా బొటనవేలు నొక్కిపెట్టి, తానే ఇంజన్ తిప్పారు. ఒకసారి ఏమీ లేదు. రెండోసారి గాలి నా వేలిని ఎత్తిపారేసింది. ‘ఇదిరా నీ ఒకటో నంబరు’ అన్నారు. ఆ గాలి తోపు నా వేలికి ఇంకా తెలుసు.

ఆయన కుడి బొటనవేలు కొద్దిగా వంకర. టైమింగ్ మరీ ముందుకుంటే హ్యాండిల్ ఎదురు తంతుంది. బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ల పక్కనే పెట్టి పట్టుకోవాలని, హ్యాండిల్‌ను పైకి లాగాలే తప్ప కిందికి తొక్కకూడదని, చెయ్యి చూపించి మరీ చెప్పేవారు. మా బ్యాచ్‌లో ఒక్కరి వేలూ విరగలేదు.

అంబాసిడర్ తయారీ 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పరాలో ఆగిపోయింది. ఇప్పటి బండ్లలో డిస్ట్రిబ్యూటరే లేదు, క్రాంకు దగ్గర సెన్సార్ చూసి కంప్యూటర్ నిప్పు పెడుతుంది. అయినా నా గ్యారేజీకి ఏడాదికి నాలుగైదు పాత అంబాసిడర్లు వస్తాయి. నాన్నగారి బండి, అమ్మబుద్ధి కాలేదు అంటారు తెచ్చినవాళ్లు. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ లేదనో, గేరులో లాగుతుంటే ఇంజన్ కొట్టుకుంటోందనో చెబుతారు. నేను పాయింట్లు చూసి, బల్బు తీస్తాను. స్కానర్ పట్టుకుని పెరిగిన నా దగ్గరి కుర్రాళ్లు అన్నీ వదిలేసి చుట్టూ చేరతారు. సెన్సార్ చేసే పని ఏమిటో వాళ్లకు ఆ బల్బు దగ్గరే కంటికి కనిపిస్తుంది, ఆ ముఖాల్లో అది చూడటం నాకు చాలా ఇష్టం.

మన షెడ్డులో ఆ స్టాండు ఇంజన్ ఇంకా ఉంటే దయచేసి తుక్కు కింద వెయ్యకండి. పాయింట్లు, కండెన్సర్, రోటర్, వైర్లు నేను తెస్తాను. నెలలో ఒక శనివారం వచ్చి పిల్లలతో టైమింగ్ పెట్టిస్తాను. బల్బు కూడా నేనే తెస్తాను.