వానాకాలం బ్యాచ్: 24 నాటు గుడ్లు, 18 రోజులు ఖాళీగా ఉన్న నీళ్ల ట్రే

ఇంక్యుబేటర్ (గుడ్లు పొదిగే పెట్టె) ఆన్ చేయగానే ట్రేలో నీళ్లు పోయడం చాలామందికి అలవాటు. కోస్తాలో ఆగస్టు నెలలో ఆ అలవాటే పిల్లల్ని పెంకులోనే చంపుతుంది. పొదిగే మొదటి 18 రోజుల్లో కోడిగుడ్డు తన బరువులో 11 నుంచి 13 శాతం నీటిని ఆవిరి రూపంలో పోగొట్టుకోవాలి. ఆ నీరు పోయిన మేరకే మొద్దు వైపు గాలి అర పెద్దదవుతుంది, పిల్ల తొలి ఊపిరి తీసేది ఆ అరలోనే. నీరు పోకపోతే అర చిన్నదై, పిల్ల పూర్తిగా తయారై కూడా పొడవలేక చచ్చిపోతుంది. అందుకే ఈ బ్యాచ్‌లో తేమ మీటరు కన్నా వంటింటి తూకానికే ఎక్కువ పని.

ముందు గాలి లెక్క చూడాలి. గాలి వేడెక్కినప్పుడు దాన్లోని నీటి ఆవిరి ఎక్కడికీ పోదు, తేమ శాతం మాత్రం పడిపోతుంది. గదిలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే అదే గాలి పెట్టెలోకి వెళ్లి 37.5 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 53 శాతం అవుతుంది. మొదటి 18 రోజులకు కావలసింది 45 నుంచి 55 శాతం కాబట్టి నీళ్లు పోయకుండానే సరిపోయినట్టే. మే నెలలో కర్నూలు వైపు గదిలో 40 డిగ్రీలు, 20 శాతం ఉంటే పెట్టెలో కూడా 20 శాతానికి మించదు, అప్పుడు ట్రే నింపక తప్పదు. పైగా గది వేడే 37.5 దాటితే థర్మోస్టాట్ ఏమీ చేయలేదు, దానికి వేడి పెంచడమే తెలుసు. అలాంటి రోజుల్లో పెట్టెను ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదికి మార్చడమే దారి.

పెట్టె సంగతి. చేపల మార్కెట్లో దొరికే మందపాటి థర్మోకోల్ ఐసు పెట్టె. లోపల 40 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బులు రెండు, ఒకటి మాడిపోయినా రెండోది వెలిగేలా విడివిడి వైర్లతో. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు, దానికి వేడి చాలదు. బల్బుకూ థర్మోకోల్‌కూ మధ్య రేకు ముక్క, కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, లేదంటే కరిగి అంటుకునే ప్రమాదం. కంప్యూటర్‌లో వాడే 12 వోల్టుల ఫ్యాను థర్మోస్టాట్‌తో సంబంధం లేకుండా ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి. ఫ్యాను లేని పెట్టెలో పైగాలి, కింది గాలి వేడిలో తేడా ఉంటుంది కనుక గుడ్ల పైభాగం ఎత్తులో 38.5 దాకా పెట్టాల్సి వస్తుంది. ఫ్యాను ఉంటే అన్నిచోట్లా 37.5, అంటే 99.5 ఫారెన్‌హీట్.

థర్మోస్టాట్ బోర్డు డబ్ల్యూ1209. కొత్త బోర్డు కూలింగ్ మోడ్‌లో వస్తుంది, పీ0 అనే సెట్టింగును హెచ్‌కు (హీటింగ్‌కు) మార్చకపోతే బల్బు తిరగేసి పనిచేస్తుంది. పీ1 సెట్టింగులో, బల్బు ఆరడానికీ మళ్లీ వెలగడానికీ మధ్య ఉండే వేడి తేడాను 0.2 డిగ్రీలకు దించాలి. సెన్సరు గుడ్ల ఎత్తులో, బల్బు వెలుగు నేరుగా పడని చోట ఉండాలి. వెలుగు తగిలితే సెన్సరు ముందే వేడెక్కి బల్బును ఆపేస్తుంది, గుడ్లు చల్లగానే ఉండిపోతాయి.

బోర్డు చూపించే అంకెను సరిచూడ్డానికి జ్వరం చూసే థర్మామీటరును మించింది లేదు. పాదరసం రకమైతే ఇంకో లాభం కూడా ఉంది: విదిలించేదాకా అది ఎక్కిన అత్యధిక వేడిని పట్టి ఉంచుతుంది. రాత్రంతా లోపల పెట్టి తెల్లవారి చూస్తే వేడి ఎక్కడిదాకా ఎగిరిందో తెలిసిపోతుంది. ఈ బోర్డు 0.4 డిగ్రీలు తక్కువ చూపింది, అంకెను సరిదిద్దే పీ4 సెట్టింగులో ఆ మేరకు కలిపాం. తేమ మీటరుకు ఉప్పు పరీక్ష: సీసా మూతలో ఉప్పు వేసి తడి ఇసుకలా అయ్యేంతవరకే నీళ్లు చిలకరించి, మీటరుతో పాటు జిప్ కవర్లో మూసి 8 నుంచి 12 గంటలు ఉంచాలి. 75 శాతం చూపాలి. మనది 69 చూపింది. కింద రాసిన పెట్టె తేమ అంకెలన్నీ 6 కలిపినవే.

0వ రోజు. వారం లోపు పెట్టిన గుడ్లే తీసుకున్నాం, కడగలేదు. సన్న మొన కిందికి ఉండేలా 8 గంటలు గదిలో ఉంచాకే పెట్టెలోకి. ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో నంబరు, బరువు, ఒకవైపు గుణకం గుర్తు (×), రెండోవైపు సున్నా. మొత్తం 1104 గ్రాములు, సగటున 46. లక్ష్యం 12 శాతం, అంటే 18వ రోజుకు 132 గ్రాములు తగ్గాలి, రోజుకు 7 గ్రాముల పైచిలుకు. చల్లటి గుడ్లు పెట్టాక మొదటి కొన్ని గంటలు బోర్డు 34, 35 డిగ్రీలు చూపిస్తుంది. కంగారుపడి సెట్టింగ్ పెంచకూడదు, గుడ్లు వేడెక్కగానే అదే సర్దుకుంటుంది.

తిప్పడం రోజుకు 5 సార్లు. బేసి సంఖ్య ఎందుకంటే ఒక రాత్రి గుణకం పైన ఉంటే మర్నాటి రాత్రి సున్నా పైన ఉంటుంది. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు. మొదటి వారం ఇది అశ్రద్ధ చేస్తే పిండం పొరకు అతుక్కుపోతుంది.

4వ రోజు. 1083 గ్రాములు. 29 తగ్గాల్సింది 21 మాత్రమే తగ్గింది. ఈ లెక్కన 18వ రోజుకు తొమ్మిది శాతం కూడా పోదు. తేమ 58. కారణం మూసి ఉన్న గాలి రంధ్రం: గుడ్లు వదిలే ఆవిరి కూడా లోపలే నిలిచిపోతోంది. రెండు రంధ్రాలూ తెరిస్తే 54కు దిగింది.

7వ రోజు. అట్టముక్కకు రూపాయి బిళ్లంత రంధ్రం చేసి ఫోన్ టార్చి మీద పెట్టి చీకట్లో చూశాం. సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో నల్ల చుక్క కనిపిస్తే బతికి ఉన్నట్టు. 4 గుడ్లు లోపల ఖాళీ, పుంజు తగలనివి. ఒకదాంట్లో నెత్తుటి వలయం, అంటే పిండం మొదట్లోనే చచ్చిపోయింది. ఐదూ తీసేశాం. అవి లోపల మురిగి పగిలితే పక్క గుడ్లు కూడా పాడవుతాయి. మిగిలిన 19 గుడ్ల మొదటి బరువు 874, ఇప్పుడు 842. ఇంకా 9 గ్రాములు వెనకే ఉన్నాం.

రంధ్రాలు ఇంకా పెద్దవి చేసినా లాభం లేదు, బయటి గాలే తడిగా ఉంది. అందుకని పెట్టెను రాత్రి 8 గంటలపాటు ఏసీ గదికి మార్చాం. అక్కడ 26 డిగ్రీలు, 55 శాతం తేమ. ఆ గాలి పెట్టెలోకి వెళ్తే 30 శాతం దగ్గరకు వస్తుంది. పగలు 54, రాత్రి 30 పైన ఉంటే గుడ్డుకు ఏ హానీ లేదు. గుడ్డు మీద పనిచేసేది మొత్తం రోజుల సగటే.

10వ రోజు కరెంటు గంటన్నర పోయింది. మూత తీయలేదు, దుప్పటి కప్పాం, లోపల మొదటి నుంచీ ఉంచిన రెండు లీటరు నీళ్ల సీసాలు వేడిని పట్టి ఉంచాయి. మూతలు బిగించిన సీసాలు కనుక తేమ పెరగదు. 35 డిగ్రీలకు దిగింది. మూడు నాలుగు గంటలు 35 దగ్గర ఉన్నా ఎదుగుదల మందగిస్తుందే తప్ప పిండం చావదు, పొదిగే పెట్ట కూడా రోజూ మేతకు లేస్తుంది కదా. భయపడాల్సింది వేడి ఎక్కువైనప్పుడే. 40 దాటితే పావుగంట కూడా ప్రమాదమే.

14వ రోజు. 798 గ్రాములు, 8.7 శాతం పోయింది. లక్ష్యానికి దగ్గరగా వచ్చాం. ఇక్కడి నుంచి పిల్లలే వేడి పుట్టిస్తాయి. సెట్టింగ్ మార్చకపోయినా గుడ్ల దగ్గర 37.9 కనిపించింది, 0.3 దించాం.

18వ రోజు. 774 గ్రాములు. 11.4 శాతం పోయింది, చాలు. టార్చి కింద ఒకటి కదలడం లేదు, మిగతా 18 బాగున్నాయి. తిప్పడం ఆపేసి గుడ్లు పడుకోబెట్టాం. పిల్లల కాళ్లు జారి చీలిపోకుండా అడుగున గోనెపట్టా. ట్రేలో నీళ్లు పోసింది ఇప్పుడే, అదీ గోరువెచ్చనివి. తేమను పెంచేది నీటి లోతు కాదు, వెడల్పు. వెడల్పాటి ట్రేతో 62 వచ్చింది, తడి స్పాంజి నిలబెడితే 70కి చేరింది. మూత తీయకుండా నీళ్లు నింపడానికి సెలైన్ గొట్టాన్ని పక్క రంధ్రం గుండా ట్రేలోకి దూర్చి ఉంచాం.

20వ రోజు పొద్దున తొలి పగులు. పగులు పడిన దగ్గర నుంచి పిల్ల బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పట్టొచ్చు. ఆ సమయంలో పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది, నరాల్లో నెత్తురు ఇంకిపోతుంది. జాలిపడి పెంకు ఒలిస్తే నెత్తురు కారి చచ్చిపోతుంది. మూత తీస్తే తడి గాలి ఒక్కసారిగా పోయి, పగులు పడిన మిగతా గుడ్లలో పొర ఎండి పిల్లకు చుట్టుకుపోతుంది. పుట్టినవి మేత లేకుండా రోజంతా ఉండగలవు, నూగు ఆరేదాకా తీయనక్కర్లేదు.

21వ రోజు సాయంత్రానికి 16 పిల్లలు దిగాయి. బొడ్డు మూసుకుని, కాళ్లు నిలబడి, అన్నీ గట్టిగా ఉన్నాయి. వేడి ఎక్కువైతే 19, 20 రోజులకే దిగి బొడ్డు మూసుకోదు. తక్కువైతే 22, 23 దాకా లాగి పొట్ట మెత్తగా ఉంటుంది.

మిగిలిన రెండూ 23వ రోజు పగలగొట్టి చూశాం. ఒకదాంట్లో తల సన్న మొన వైపు ఉంది, గాలి అర దాని ముక్కుకు అందలేదు. రెండోది పూర్తిగా తయారైన పిల్ల, ఒళ్లంతా జిగట నీరు. దాని నంబరు వెతికితే 18 రోజుల్లో పోయింది 8 శాతమే. తర్వాతి బ్యాచ్‌లో 14వ రోజున మొత్తంతో పాటు ఒక్కో గుడ్డునూ తూచి, వెనకబడిన వాటిని ఫ్యాను గాలి ఎక్కువ తగిలే వైపుకు జరపబోతున్నాం.