పాత డీజిల్ ఇంజన్‌లో కొత్త చప్పుడు: విప్పే ముందు వినవలసినవి

డీజిల్ ఇంజన్ అంటేనే చప్పుడు చేసే యంత్రం. సిలిండర్‌లోకి పీల్చుకున్న గాలిని పిస్టన్ సుమారు పద్ధెనిమిదో వంతుకు నొక్కేసరికి ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, అందులోకి చిమ్మిన డీజిల్ నిప్పురవ్వ అవసరం లేకుండానే అంటుకుంటుంది. చిమ్మడానికీ అంటుకోవడానికీ మధ్య గడిచే లిప్తకాలంలో పోగుపడిన ఇంధనం ఒక్కసారిగా మండడమే మనకు వినిపించే టకటక. 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి వచ్చిన కామన్ రైల్ పద్ధతి (అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టంలో అధిక ఒత్తిడితో డీజిల్ నిలవ ఉంచి అందించేది), అసలు మోతాదుకు ముందు కొద్దిపాటి డీజిల్ చిమ్మి ఆ దెబ్బను మెత్తబరిచింది కానీ పూర్తిగా పోగొట్టలేదు. అందుచేత పాత డీజిల్ కారు ఉన్నవారు తమ ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే చప్పుడును ముందుగా చెవికి పట్టించుకోవాలి. వీలైతే ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి దాచుకోవాలి. తరువాత తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి అంతకు మించిన ఆధారం ఉండదు.

మా ఇంట్లో ఉన్నది 2011 నాటి నాలుగు సిలిండర్ల కామన్ రైల్ డీజిల్ కారు, రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. కొన్ని నెలల క్రితం, ఉదయం స్టార్ట్ చేయగానే మామూలు టకటకతో పాటు మరొక చప్పుడు, ఎవరో పళ్ల సందుల్లోంచి గాలి ఊదుతున్నట్టు ‘చుఫ్ చుఫ్’ మంటూ వినిపించడం మొదలైంది. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు స్పష్టంగా ఉండేది, రేజ్ చేస్తే వేగం పుంజుకునేది, ఇంజన్ వేడెక్కాక కొంత తగ్గేది. చూపించిన మొదటి షెడ్డులో బానెట్ ఎత్తి నిమిషం పాటు విని, బేరింగులు పోయాయనీ, సిలిండర్లు అరిగి ఇంజన్ బోరుకు వచ్చిందనీ, దించవలసిందేననీ చెప్పారు. రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్ల గడువు దగ్గర పడుతున్న కారు అది. ఆ తరువాత ఫిట్‌నెస్ తనిఖీకి నిలిస్తేనే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. అటువంటి కారుకు ఇంజన్ పని చేయించాలా, వచ్చిన ధరకు అమ్మివేయాలా అన్న నిర్ణయం ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంది కనుక, ఆ మాట నిజమో కాదో తేల్చుకోకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది.

చప్పుడు ఎలా ఉందన్నది అంత నమ్మదగిన సాక్ష్యం కాదని నా అభిప్రాయం. ఇంజన్‌లోని ఇనుము, అల్యూమినియం అంతా ఒకే ముద్దగా శబ్దాన్ని మోసుకుపోతాయి కాబట్టి, సిలిండర్లను పైనుంచి మూసే హెడ్‌లో పుట్టిన దెబ్బ కింద ఆయిల్ చాంబర్ దగ్గర కూడా వినిపిస్తుంది. ఆ చప్పుడు ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే మారుతోంది అన్నవి మాత్రం అంత సులువుగా మోసం చేయవు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో గరగరమని వెంటనే ఆగిపోతే, టైమింగ్ చెయిన్ ఉన్న ఇంజన్లలో దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌లోకి ఆయిల్ ప్రెషర్ ఆలస్యంగా చేరుతోందని అనుమానించాలి. క్లచ్ పెడల్ తొక్కగానే మారే చప్పుడు క్లచ్ బేరింగుదో, ఫ్లైవీల్‌దో అయి ఉంటుంది. ఏసీ వేసినప్పుడే వచ్చేది కంప్రెసర్‌ది. బండి లోడు లాగుతున్నప్పుడు మాత్రమే ఈలలాగా వినిపించేది ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి వెళ్లే రబ్బరు గొట్టం చిట్లడం వల్ల కావచ్చు, ఆ గొట్టం మీద తడి తడిగా ఆయిల్ మరక కనిపిస్తే ఆ అనుమానం బలపడుతుంది.

మేము మొదట చేసింది డిప్‌స్టిక్ తీసి చూడడం. ఆయిల్ సరిపడా ఉంది, పలుచబడలేదు, ఆయిల్ లైటు వెలగడం లేదు. తరువాత చల్లటి ఇంజన్ మీద బయటి బెల్టు తప్పించి, కొద్దిసేపు మాత్రం స్టార్ట్ చేశాము. ఆల్టర్నేటర్, కంప్రెసర్, టెన్షనర్, వాటి పుల్లీలు అన్నీ ఆ బెల్టు మీదే తిరుగుతాయి కనుక చప్పుడు అలాగే ఉంటే వాటినన్నింటినీ ఒక్క దెబ్బతో అనుమానితుల జాబితా నుంచి తీసివేయవచ్చు. మా కారులో చప్పుడు మారలేదు. వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద తిరిగే కార్లలో ఈ పరీక్ష అర నిమిషానికి మించి చేయకూడదు. ఇంజన్ వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు వేరు, దాని జోలికి వెళ్లనే కూడదు.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది లెక్క. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్ ఒక్కసారి మండుతుంది, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. స్లోలో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకుంటే, పది సెకన్లలో క్రాంక్ సుమారు 133 సార్లు తిరుగుతుంది, ఏదో ఒక సిలిండర్‌కో, ఒక వాల్వుకో సంబంధించిన చప్పుడు 67 సార్లు మాత్రమే వస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసి, వేగం తగ్గించి వింటూ లెక్కపెడితే ఈ తేడా చక్కగా తెలుస్తుంది. మా చప్పుడు సగం లెక్కలో పడింది. అంటే అది ఒక సిలిండర్‌లో మంటకో, గాలి నొక్కుడుకో, వాల్వులకో సంబంధించినది. ఇదే చివరి తీర్పు కాదు, ఎందుకంటే పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగినా అది కూడా మంట దెబ్బ పడినప్పుడే గట్టిగా మోగవచ్చు. కానీ బేరింగు దెబ్బ బరువుగా, లోతుగా ఉండి, లోడు పడినప్పుడు పెరుగుతుంది. మాది లోడు పడినప్పుడు పెరగలేదు, పైగా వేడెక్కాక తగ్గింది. అరిగిన బేరింగు అయితే ఆయిల్ వేడెక్కి పలుచబడిన కొద్దీ దాని చప్పుడు ఎక్కువ కావాలి.

ఇంత తెలిశాక కారును విజయవాడ ఆటోనగర్‌లో పంపులు, నాజిళ్ల పని చేసే ఒక పాత షాపుకు తీసుకువెళ్లాను. ఇంజన్ దించాలన్న మాట చెప్పకుండా, చప్పుడు ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు తగ్గుతోందో మాత్రమే చెప్పాను. మెకానిక్‌కు మన అనుమానాలకన్నా లక్షణాలు చెప్పడం మేలు. ఆయన చెప్పినదంతా విని, “ఏసీ వేస్తే లోపలికి పొగవాసన వస్తోందా సార్?” అని ఒకే ప్రశ్న అడిగారు. వస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ముందున్న లారీ పొగ అని మేము అనుకుంటున్న వాసన అది.

“అయితే మేస్త్రీ గారూ, బేరింగులు కాదంటారా?”

“విప్పకుండా కాదనను సార్. ముందు సబ్బునీళ్లు పోసి చూద్దాం.”

ఆయన పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఒక్కొక్క ఇంజెక్టర్ పక్కన ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి విన్నారు. మూడో దాని దగ్గర ఎక్కువసేపు ఆగారు. నాకూ ఇచ్చారు. మిగతా మూడింటి దగ్గర టిక్ టిక్‌మని పొడిగా, సన్నగా వినిపిస్తే, అక్కడ మాత్రం దాని మీదుగా గాలి కొట్టినట్టుంది. (ఇది ఇంట్లో ఎవరైనా చేయవచ్చు కానీ, ఫ్యానుకూ బెల్టులకూ చేతులు, వదులు బట్టలు దూరంగా ఉండాలి.) తరువాత సీసాలోని సబ్బునీటిని మూడో ఇంజెక్టర్ మొదట్లో చిలకరించారు. ఇంజన్ నడుస్తుండగా ఆ నీటిలోంచి నల్లటి నురగ బుడగలు, ఒక్కో ‘చుఫ్’కు ఒక్కో గుంపుగా పైకి లేచాయి. ఇంజెక్టర్‌కూ హెడ్‌కూ మధ్య ఉండే రాగి వాషరు కట్టు వదిలి, పిస్టన్ నొక్కిన గాలీ, మండిన వాయువులూ ఆ సందులోంచి బయటికి వస్తున్నాయి. వేడెక్కాక లోహం వ్యాకోచించి సందు కొంత మూసుకోవడం వల్లనే చప్పుడు తగ్గుతోంది.

నిర్ధారణకు మరొక పరీక్ష కూడా చేశారు. ఇంజన్ ఆపి, మూడో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి, మళ్లీ స్టార్ట్ చేశారు. ఇంజన్ మూడు సిలిండర్లతో కుంటుతూ నడిచింది కానీ ‘చుఫ్’ పూర్తిగా పోలేదు, మెత్తబడింది అంతే. డీజిల్ ఎక్కువగానో, వేళ తప్పో చిమ్ముతున్న ఇంజెక్టర్ అయితే మంట ఆగగానే దాని దెబ్బ ఆగిపోవాలి. మంట లేకపోయినా పిస్టన్ గాలిని నొక్కుతూనే ఉంటుంది కాబట్టి, లీకు చప్పుడు మిగిలింది. ఇంజన్ నడుస్తుండగా ఆ కనెక్టర్‌ను లాగకూడదు, ఆ తీగల్లో బ్యాటరీ వోల్టేజికి ఎన్నో రెట్లు ఎక్కువ వోల్టేజి ఉంటుంది, ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్ కూడా దెబ్బతినవచ్చు. ఇంతకన్నా ముఖ్యమైన హెచ్చరిక మరొకటుంది. పూర్వం అంబాసిడర్ డీజిల్ రోజుల్లో మెకానిక్కులు ఇంజెక్టర్ పైపు నట్టు కొద్దిగా వదులు చేసి, ఏ సిలిండర్ చప్పుడో కనిపెట్టేవారు. కామన్ రైల్ ఇంజన్‌లో ఆ పని ఎన్నడూ చేయకూడదు. కారు టైరులో ఉండే ఒత్తిడి రెండు బార్ల పైచిలుకు అయితే, ఈ పైపుల్లో స్లోలో ఉన్నప్పుడే వందల బార్లు, లోడు మీద పదిహేను వందల దరిదాపులకు చేరే ఒత్తిడి ఉంటుంది. సన్నటి డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోగలదు, అటువంటి గాయం పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన ప్రమాదం.

ఇంజెక్టర్ తీయడమే పెద్ద పని అయింది. లీకైన పొగ చుట్టూ తారులాగా గట్టిపడి దాన్ని హెడ్‌కు అతికించేసింది. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నాననిచ్చి, మరునాడు ఇంజన్‌ను కాస్త వేడి చేసి, జారుడు సుత్తి బిగించి నెమ్మదిగా లాగారు. అడుగున వాషరు ఒకవైపు నల్లగా కాలి, మరోవైపు ఇంకా రాగిరంగులో ఉంది. ఆ రంధ్రంలోకి గ్రీజు పట్టించిన గుడ్డ కుక్కి, చెత్త సిలిండర్‌లో పడకుండా చూసుకుని, కట్టరుతో సీటును చేత్తో తిప్పుతూ మెరిసేదాకా శుభ్రం చేశారు. పాత వాషరు అడుగున అతుక్కుని ఉండగానే దాని మీద కొత్తది వేయడం కొన్నిచోట్ల జరిగే తప్పు. వాషరు మందం మారితే ఇంజెక్టర్ మొన సిలిండర్‌లోకి దిగవలసినంత దిగదు, డీజిల్ పిస్టన్ గుంటలో పడవలసిన చోట పడదు. ఇంజెక్టర్‌ను బల్ల మీద పరీక్షించి బాగుందని తేలాక, కంపెనీ చెప్పిన మందం ఉన్న కొత్త వాషరు, కొత్త బోల్టు వేసి, టార్క్ రెంచ్‌తో బిగించారు. ఏ సిలిండర్ ఇంజెక్టర్ ఆ సిలిండర్‌లోకే వెళ్లాలి, మారితే కంప్యూటర్‌లో దాని కోడు కూడా మార్చాలి.

వాషరు ఖరీదు పదుల రూపాయలు. శ్రమ ఖరీదు దానికి ఎన్నో రెట్లు అయినా, ఇంజన్ దించే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. అలాగని ఈ లీకును నెలల తరబడి వదిలేయడం కూడా మంచిది కాదు. ఇంజెక్టర్ మొదలు హెడ్ పైనుండే ట్యాపెట్ కవరు లోపల ఉండే కొన్ని ఇంజన్లలో ఈ మసి ఆయిల్‌లో కలిసి, అడుగున ఆయిల్ పీల్చే జల్లెడను మూసేస్తుంది, ఆయిల్ అందక మొదట టర్బో పోతుంది, ఆపైన నిజంగానే బేరింగులు పోతాయి. ఇక ఏ చప్పుడైనా సరే, దానితో పాటు ఆయిల్ లైటు వెలిగినా, లోతైన దెబ్బ ఇంజన్ వేడెక్కేకొద్దీ పెరుగుతున్నా, అక్కడికక్కడే ఇంజన్ ఆపి బండిని మరో వాహనంతో షెడ్డుకు చేర్చాలి, పరీక్షల కోసమని కూడా మళ్లీ స్టార్ట్ చేయకూడదు.

ఇప్పుడు ఆ ‘చుఫ్’ లేదు, ఏసీలో వాసనా లేదు. ఇంజన్ ఆపినప్పుడు మాత్రం చివర్లో ఒక చిన్న గరగర వినిపిస్తోంది, నడుస్తున్నప్పుడు లేదు. ఆల్టర్నేటర్ మీద ఒకవైపే పట్టు ఉండే పుల్లీ అరిగినప్పుడు సాధారణంగా ఇలాగే వస్తుంది. ఆపిన క్షణంలో ఆల్టర్నేటర్ ఇంకా తిరుగుతుండగా బెల్టు ఆగిపోతుంది, ఆ తేడాను పుల్లీ నిశ్శబ్దంగా సర్దుకోవాలి. వచ్చే సర్వీసులో బెల్టు తీసినప్పుడు దాన్ని చేత్తో తిప్పి చూసి, అవసరమైతే మార్పిద్దామని మేస్త్రీ గారితో అనుకున్నాము.